దేవదత్తుడి బొటనవేలు

వేదాంత పాఠాల్లో తరచూ ఎదురయ్యే మనిషి దేవదత్తుడు. ఎప్పుడో ఎక్కడో చూసిన దేవదత్తుడు ఇప్పుడు ఇక్కడ కనిపిస్తే వాడే వీడంటాం. ఊరు మారింది, వయసు మారింది, వేషం మారింది. మారినవాటిని పక్కన పెట్టి మనిషి ఒక్కడేనని గుర్తుపట్టడం ప్రత్యభిజ్ఞ. పక్కన పెట్టదగినవన్నీ ఉపాధులు. జీవుడూ బ్రహ్మమూ ఒకటేనని చెప్పడానికి అద్వైతులు ఈ చిన్న ఉదాహరణనే ఆసరా చేసుకున్నారు. బౌద్ధులు ఒప్పుకోలేదు. కత్తిరించాక మళ్లీ పెరిగిన జుట్టును కూడా అదే జుట్టంటాం, క్షణక్షణం మారే దీపజ్వాలను అదే దీపమంటాం. గుర్తుపట్టినంత మాత్రాన ఒకటే అయిపోతుందా అని వారి ఎదురు ప్రశ్న.

ఈ తగవును ఇప్పుడు పాత వీడియో గేముల దగ్గర మళ్లీ వినొచ్చు. ఒక యంత్రం పనితీరును మరో యంత్రంలో అనుకరించే ప్రోగ్రాం ఎమ్యులేటర్. దాని పుణ్యమా అని 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ను ఇవాళ ల్యాప్‌టాప్‌లో ఆడొచ్చు. బొమ్మలవే, పాట అదే, కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మరి ఇది ఆ మారియోనేనా? కళ్లు వెంటనే అవునంటాయి. తటపటాయించేది బొటనవేలు.

దాని అనుమానానికి కారణముంది. మారియోను తయారుచేసిన నింటెండో తొలి ప్యాడ్‌లో ఎడమవైపు గున్‌పే యోకోయి 1982లో ఒక చేతిగేము కోసం రూపొందించిన శిలువ ఆకారపు దిక్కుల బటన్, కుడివైపు పక్కపక్కనే బి, ఏ. మారియో పరుగెత్తాలంటే బి అదిమి ఉంచాలి, దూకాలంటే ఏ నొక్కాలి. బొటనవేలి కొస బి మీదే ఉండగా, కణుపును కొద్దిగా వాల్చితే ఏ పడుతుంది. 1990లలో మన ఊళ్లలో చాలామంది మారియోనూ కాంట్రానూ ఆడింది అసలు నింటెండో మీద కాదు, క్యాసెట్ పెట్టి ఆడే చవక నకళ్ల మీద. ఆ నకళ్ల ప్యాడ్‌లలోనూ ఈ రెండు బటన్ల పొందిక చాలావరకు నిలిచింది. అందుకే పెట్టె నకలైనా చెయ్యి నేర్చిన చదువు అసలుదే.

ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడ్‌తో చిక్కు మొదలవుతుంది. అందులో ఏ కింద, బి కుడిపక్కన. నింటెండో 1990 నాటి యంత్రం సూపర్ ఫామికామ్‌లో బి కింద, ఏ కుడిపక్కన. ఎమ్యులేటర్ పేరును నమ్మాలా, స్థానాన్ని నమ్మాలా? పేరును నమ్మితే తెర మీది సూచనలు సరిపోతాయి, వేళ్లు తప్పుతాయి. స్థానాన్ని నమ్మితే వేళ్లు కుదురుతాయి, కళ్లు తికమకపడతాయి. రెట్రోఆర్క్ అనే ప్రోగ్రాం దీనికి రెట్రోప్యాడ్ అనే ఊహాప్యాడ్‌ను మధ్యవర్తిగా పెట్టింది. దాని పొందిక సూపర్ ఫామికామ్‌దే. చేతిలో ఏ ప్యాడ్ ఉన్నా దాని బటన్లను ముందు ఈ ఊహాప్యాడ్‌లో ఆయా స్థానాలకు ముడివేస్తారు. అంటే తీర్పు స్థానం వైపే మొగ్గింది.

హాయి సంగతీ స్థానంతో ముడిపడిందే. ప్లేస్టేషన్ ప్యాడ్‌లో ఎడమ బొటనవేలు సహజంగా వాలే చోట దిక్కుల బటన్లుంటాయి, వేలితో తోసే స్టిక్ దిగువన. ఎక్స్‌బాక్స్‌లో ఇది తారుమారు. కాబట్టి పక్కకు సాగే పాత గేములకు మొదటిది, త్రీడీ గేములకు రెండోది ఒంటికి పడతాయని ఆటగాళ్లు అంటారు. 1996 నాటి నింటెండో 64 ప్యాడ్‌కైతే మూడు పిడులు; రెండు చేతుల మనిషి ఏదో ఒకటి వదిలిపెట్టక తప్పదు.

సాంఖ్యమూ వేదాంతమూ చేతిని కర్మేంద్రియాల జాబితాలో రాశాయి. దాని వంతు పట్టుకోవడం, చెయ్యడం; తెలుసుకోవడం జ్ఞానేంద్రియాల వంతు, నిశ్చయించడం బుద్ధి వంతు. ప్యాడ్ పట్టుకున్న చెయ్యి ఈ పని విభజనను పాటించదు. బటన్ ఏ వైపుందని అడిగితే ఆగి ఆలోచించాల్సిన ఆటగాడు, గోతి అంచున మాత్రం ఆలోచించకుండా సరైన బటనే నొక్కుతాడు. ఫ్రెంచి తాత్వికుడు మోరిస్ మెర్లో-పాంటీ 1945లో అచ్చయిన తన గ్రంథంలో ఇలాంటి ఎరుక గురించే చర్చించాడు. అలవాటు లేని ఆర్గాన్ ముందు కూర్చున్న వాద్యకారుడికి గంటసేపు సాధన చాలు, కచేరీకి సిద్ధమవుతాడు. మీటల లెక్కను బట్టీపట్టడు. వాద్యం కొలతలకు ఒళ్లే సర్దుకుంటుంది.

ఇది అద్వైతి పక్షానికి బలం. గంటలో చెయ్యి సర్దుకుంటే ప్యాడ్ ఉపాధి మాత్రమే, వదిలేసినా గేము గేమే. మారియో విషయంలో ఈ మాట చాలావరకు నిజం. అయితే సర్దుబాటుకు హద్దుంది. భారతంలో ఏకలవ్యుడు బొటనవేలు కోసిచ్చాక మిగిలిన వేళ్లతో బాణం వేశాడు. విద్య పోలేదు, మునుపటి వేగం పోయింది.

నింటెండో 64 కోసం 1998లో వచ్చిన జెల్డా గేము ఒకారినా ఆఫ్ టైమ్‌లో కథానాయకుడు ఊదే చిన్న వాద్యానికి ఐదు స్వరాలు: ఏ బటన్ ఒకటి, పసుపురంగు సీ బటన్లు నాలుగు. ఆటగాడి బొటనవేలు నిజంగానే ఆ స్వరాల మీద తిరిగేది. ఇప్పటి ప్యాడ్‌లలో ఆ నాలుగు బటన్లు లేవు, అందుకని వాటిని తరచూ కుడి స్టిక్‌కు అప్పగిస్తారు. పాట వినిపిస్తుంది, కానీ నొక్కాల్సిన స్వరాన్ని తోయాల్సి వస్తుంది. ఒంటికి ఇది వేరే వాద్యం.

ప్లేస్టేషన్ 2 దగ్గర తగవు నీతిశాస్త్రంలోకి అడుగుపెడుతుంది. దాని ప్యాడ్‌లో చాలా బటన్లు వేలి ఒత్తిడిని కొలిచేవి. 2004 నాటి మెటల్ గేర్ సాలిడ్ 3లో శత్రు సైనికుణ్ని పట్టుకుని సున్నా గుర్తున్న బటన్‌ను మెల్లగా అదిమి ఉంచితే వాడు పట్టులో ఉంటాడు. గట్టిగా నొక్కితే కత్తి గొంతు కోస్తుంది. ప్రాణం తీయడానికీ తీయకపోవడానికీ మధ్య ఉన్నది వేలి బరువు. కంగారులో వేలు బలంగా పడితే మనిషి పోతాడు. గేములో ముందుకెళ్లాక ఒక నదిలో నడవాల్సి వస్తుంది. ఆటగాడి చేతిలో చచ్చినవాళ్లు అక్కడ దయ్యాలై ఎదురు నడుస్తారు. అనుకోకుండా చంపానంటే నది వినదు. సంకల్పమే కర్మ అన్న బౌద్ధులకూ, తెలియక చేసిన హింసా అంటుతుందన్న జైనులకూ నడిచిన వాదంలో ఈ నది జైనుల పక్కన ప్రవహిస్తుంది.

ఇప్పటి మామూలు ప్యాడ్‌ల బటన్లకు ఒత్తిడి తెలియదు. నొక్కడం, నొక్కకపోవడం, అంతే. 2013లో వచ్చిన డ్యూయల్‌షాక్ 4తో ప్లేస్టేషన్ కూడా ఆ గుణాన్ని వదిలేసింది. పీసీఎస్ఎక్స్2 ఎమ్యులేటర్‌లో దీనికో ఉపాయముంది: ఇంకో బటన్ పట్టుకుని నొక్కితే అది మెల్లగా నొక్కినట్టు లెక్క. గేము పూర్తిగా ఆడొచ్చు. కానీ దయ ఇప్పుడు ముందే చేసుకోవాల్సిన ఏర్పాటు. వేలు తడబడటం, చివరి క్షణంలో పట్టు సడలించడం అనే అవకాశాలు చెరిగిపోయాయి. నది అలాగే ఉన్నా, దాన్ని నింపే కర్మ తీరు మారింది.

కాబట్టి గుర్తుపట్టేటప్పుడు ఏం వదలవచ్చో ముందే తేల్చడం కుదరదు. దేవదత్తుడి వేషం వదలవచ్చు. వేషంలోనే ప్రాణం దాచుకున్నవాడైతే వదలడానికి లేదు. మారియో తన బటన్ల పొందిక మారినా బతికాడు. ఒత్తిడినే అర్థంగా మలుచుకున్న గేము ఆ ప్యాడ్ పోతే కొంత మరణిస్తుంది. ఎమ్యులేటర్ యంత్రం బుద్ధిని అనుకరిస్తుంది. చెయ్యి ఆటగాడిది, దాన్ని అనుకరించే పని ప్రోగ్రాం చేతిలో లేదు.

వ్యాపారులు ఈ సంగతి గ్రహించినట్టే ఉంది. స్విచ్ యంత్రంలో తన పాత గేములను ఎమ్యులేటర్ మీదే నడిపిస్తున్న నింటెండో, వాటి కోసం 2019లో సూపర్ నింటెండో ప్యాడ్‌ను, 2021లో మూడు పిడుల 64 ప్యాడ్‌ను మళ్లీ తయారుచేసి విడిగా అమ్మింది. పసుపు బటన్లు యథాస్థానంలో ఉన్నాయి, ఒకారినా స్వరాలను తిరిగి నొక్కవచ్చు. అయితే 1996 ప్యాడ్‌కున్న తీగ ఇందులో లేదు, అప్పుడు లేని బటన్లు కొన్ని వచ్చి చేరాయి. ఇది ఆ ప్యాడేనా అని బౌద్ధుడు మళ్లీ మొదటి నుంచి అడగవచ్చు.