వ్రేళ్లును వేళ్లును

ఇరువదేండ్లుగా విండోస్ అను ఆపరేటింగ్ సిస్టమునకు అలవాటుపడి వ్రాతపని సాగించుకొనుచు వచ్చిన నేను, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సామాన్యముగా అందుచుండిన భద్రతా సవరణలు ముగియుటచేతను, తరువాతి కూర్పునకు వలసిన లక్షణములు నా పాత కంప్యూటరునకు లేకపోవుటచేతను, చక్కగా పనిచేయుచున్న యంత్రమును పారవేయుటకు మనసొప్పక, దానియందు ఉబుంటు లినక్సును నెలకొల్పుకొంటిని. పిమ్మట కొన్ని వారములు నేను పడిన చికాకు, 'నాకు తెలియును' అని మనమనుకొనునది వాస్తవముగా ఎచ్చట వసించుచున్నదను పురాతన ప్రశ్నను నా యెదుట నిలిపినది.

ఒకనాడు, ఆదేశములను అక్షరములలో టైపు చేయు టెర్మినల్‌లో ఫైళ్ల పెద్దకట్టకు నకలు తీయుమని ఆదేశమిచ్చి, ఆ పని సాగుచుండగా, తెరపై కానవచ్చిన ఒక పంక్తిని దాచుకొందమని కంట్రోల్, సీ మీటలను కలిపి నొక్కితిని. ఇన్నేండ్లుగా ఆ జంట మీటలకు నకలు తీయుటయే అర్థము. ఈ టెర్మినల్‌లోనో, జరుగుచున్న పనిని తక్షణమే ఆపివేయుట వాని అర్థము, నకలు కావలెనన్న షిఫ్టు మీటను కూడ చేర్చవలెను. పని నడుమనే తెగిపోయినది. ఈ భేదమును ముందురోజే చదివియుంటిని. చదివినది బుద్ధికి తెలియును, వ్రేళ్లకు తెలియదు.

చిత్తవృత్తి సంస్కారమును, సంస్కారము మరల చిత్తవృత్తిని పుట్టించుచు చక్రమువలె తిరుగునని యోగసూత్రములకు భాష్యము రచించిన వ్యాసుడు చెప్పెను. చేయి చక్కగా సాగినంతకాలము ఆ చక్రము తిరుగుచున్నట్లే మనకు తోపదు; చేయి తడబడిన క్షణముననే 'ఇది చేసినదెవరు?' అని లోపల ఎవరో నిలిచి చూచినట్లగును. ఆ చూచినవాడే ఉపనిషత్తులు చెప్పిన సాక్షియని నేననజాలను. విసిగిన మనస్సు తన్ను తాను గమనించుకొనుటయు మనోవ్యాపారమే కదా. ఐనను, నేర్పు అని నేను ఇంతకాలము గర్వించినదానిలో అధికభాగము అట్టి సంస్కారముల వాసనయే యని, ఎన్ని ప్రవచనములు విన్నను కలుగని స్పష్టతతో, ఆ క్షణము నాకు చూపినది. తెలుగు వ్రాయుటలో మాత్రము తడబాటు లేదు: అచ్చులు ఎడమకును హల్లులు కుడికిని అమరిన, 1986 నాటి ఇన్‌స్క్రిప్టు వరుసయే ఇందును దొరకినది. ఆ ఊరటయు వాసనాజనితమే యని అప్పుడు తోపలేదు.

ఇక ఈ వ్యవస్థలోని ఫైళ్ల అమరిక నన్ను మిక్కిలి ఆకర్షించినది. విండోస్‌లో ఒక్కొక్క డిస్కు భాగమునకు సీ, డీ అని వేర్వేఱు అక్షరములు, వేర్వేఱు ఇండ్లవంటివి. ఇచ్చట ఒక వాలుగీతయే సమస్తమునకు మూలము, దానికే రూటు, అనగా వేరు, అని పేరు. పెన్ డ్రైవ్ పెట్టినను అది వేఱొక ఇల్లు కాక, ఉన్న చెట్టునకే ఒక కొమ్మయొద్ద అంటు కట్టినట్లు చేరును. ఈ చెట్టును కాగితముపై గీయువారు వేరును పైనను, కొమ్మలను క్రిందను గీయుదురు. కఠోపనిషత్తులోను, గీత పదునైదవ అధ్యాయములోను వచ్చు, ఇట్లే తలక్రిందులైన అశ్వత్థము నాకు వెంటనే స్ఫురించినది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో ఈ సంప్రదాయమునకు మూలమైన యూనిక్సును ఆరంభించినవారు ఋషులను అనుసరించిరని గాని, ఋషులు దీనిని ముందే కనిరని గాని అనుట ఇరువురకును అపచారము. కాని గీత ఆ వృక్షమును వర్ణించి ఊరకుండలేదు; గట్టిగా పాతుకొనిన దాని వేళ్లను అసంగమను శస్త్రముతో ఛేదింపుమన్నది. నా వ్రేళ్లలో పాతుకొనిన వేళ్ల మాట ఏమని ఆ రాత్రి చాలసేపు ఆలోచించితిని.

పతంజలి చిత్తనిరోధమునకు అభ్యాసమును వైరాగ్యమును జంటగా చెప్పెను. అభ్యాసము నాకు మూడు వారములలో పట్టుపడినది. షిఫ్టు మీటపైకి చిటికెనవ్రేలు పిలువకయే పోవుచున్నది. రెండవది కూడ కొంత అలవడినదనియే నమ్మితిని.

మొన్న మా తమ్ముని యింటికి పోయి, అతని విండోస్ కంప్యూటరులో ఒక ఉత్తరమును సరిచేయ కూర్చుండి, ఒక వాక్యమును ఎంచుకొని మీటలు నొక్కితిని. చిటికెనవ్రేలు షిఫ్టును కూడ నొక్కినది. అతికించబోగా ఆ వాక్యము రాలేదు. రెండవమారు నొక్కితిని, రాలేదు. చికాకు సరిగా ఆనాటిదే, కంఠమువరకు వచ్చినది.

"ఏమైందన్నయ్యా, పనిచేయడం లేదా?" అని తమ్ముడు వంటింటినుండి అడిగినాడు.

"నీ కంప్యూటరు..." అని మొదలిడి, మీటలపై నిలిచియున్న నా చేతిని చూచి ఆగితిని.