సేనాదళ చరిత్రమున పూర్వరంగ మెంత?

సేనాదళముయొక్క చరిత్రమును వ్రాయ బూనినవానికి మొట్టమొదట నెదురగు చిక్కు, కథ నెచ్చట మొదలుపెట్టవలె నన్నది. దేశచరిత్రము రాజులను, మంత్రులను ఎరుగును. యుద్ధచరిత్రము సేనానులను ఎరుగును. ఒక్క పటాలముయొక్క చరిత్రము మాత్రమే సిపాయిని పేరుపెట్టి పిలువగలదు. అట్టి గ్రంథమున పూర్వరంగము, అనగా ఆ దళము రణభూమిని అడుగిడుటకు ముందు లోకమున జరిగిన సంగతి, ఎంత చెప్పవలెను?

కొందరు ఏమియు నక్కరలేదందురు. ఫలానా దినమున దళము ఫలానా చోట దిగెను, ఇందరు మడిసిరి, ఇన్ని పతకములు వచ్చెను. ఇంతే చాలునని వారి యభిప్రాయము. మరికొందరు రాజకీయములతో నూరు పుటలు నింపినగాని సిపాయిని రంగమునకు రానీయరు. ఇది కేవలము రచనా విషయమని తోచవచ్చును గాని, నిదానించి చూడగా ఇందొక ధర్మప్రశ్న యిమిడియున్నది. చనిపోయినవారు తమ పక్షమున మాటాడుకొనజాలరు. వారినిగూర్చి మనము చెప్పినదానినిబట్టియు, విడిచినదానినిబట్టియు లోకము వారిని మెచ్చును, లేదా నిందించును.

ఒక యుదాహరణము చూతము. 1806 జూలై 10వ తేదీ తెల్లవారకముందే రాయవేలూరు కోటలోని మదరాసు సైన్యపు సిపాయిలు తిరుగబడి, నిద్రించుచున్న 69వ రెజిమెంటు తెల్లసిపాయిలను వారి బారకులలోనే కాల్చిచంపిరి. ఈ వాక్యమున అసత్య మొక్కటియు లేదు. అయినను ఇంతమాత్రమే చదివినవాడు ఆ సిపాయిలు క్రూరులని తలచి గ్రంథమును మూయును. 1805 నవంబరు మొదలుకొని సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ ఏలుబడిలో వచ్చిన క్రొత్త ఉత్తరువులను వాడెరుగడు. కవాతునందు నుదుట మతచిహ్నము లుండరాదు, చెవిపోగులు తీసివేయవలెను, గడ్డములు గొరిగించుకొనవలెను, తోలుతునక గల క్రొత్తరకపు తలపాగా ధరింపవలెను. 1806 మే నెలలో దీనికి అభ్యంతరము చెప్పినవారిలో కొందరు కొరడాదెబ్బలు తినిరి. అంతియే కాక, టిప్పు సుల్తాను కుమారులు ఆ కోటలోనే నిర్బంధమున నుండిరి. తిరుగబడినవారు మైసూరు జెండాను కోటపై నెత్తిరి. ఇంత తెలిసిన పిమ్మట మొదటి వాక్యమును మరల చదువుడు. వాక్యము మారలేదు, చదువరి మారినాడు.

అట్లని కారణము చెప్పుటయు, దోషము మాన్పుటయు ఒక్కటి కావు. ఎంత అవమానము పొందినను, నిద్రించువానిని చంపుట వీరధర్మ మనిపించుకొనదు. పూర్వరంగము న్యాయవాదివలె వాదింపరాదు. సాక్షివలె తాను చూచినది చెప్పి తొలగవలెను. ఈ నియమ మిరుపక్షములకును చెల్లవలెను. ఆర్కాటునుండి గుఱ్ఱపుదళముతో వచ్చి కోటను తిరిగి పట్టుకొన్న జిలెస్పీ, లోపలి మందిరమున దాగిన సుమారు నూరుమంది సిపాయిలను వెలికి తెప్పించి గోడయొద్ద నిలిపి కాల్పించెను. ఆ గుఱ్ఱపుదళపు చరిత్రకారుడు, సహచరుల శవములను చూచి మావారు క్రోధావేశులైరని వ్రాసినచో అదియు పూర్వరంగమే. తనవారి క్రోధమునకు కారణము చూపి సిపాయిల క్రోధమునకు చూపనివాడు, ఇచ్చుట కొక కుంచమును పుచ్చుకొనుట కొక కుంచమును వాడు వర్తకుని వంటివాడు.

మరియొక విశేషము కలదు. తిరుగుబాటున పాల్గొన్న మూడు బెటాలియన్లను ప్రభుత్వమువారు రద్దుచేసిరి. రద్దయిన దళమునకు వార్షికోత్సవములు లేవు. పండితుని పిలిచి గ్రంథము వ్రాయించువారును లేరు. కావున వారి కథ ఇతరుల గ్రంథములలో నొక వాక్యముగా మిగులును. ఆ యొక్క వాక్యమునకు తోడుగా పూర్వరంగమును కొంతయైన చెప్పనిచో, చచ్చినవారిని మరల నొకమారు శిక్షించినట్లగును.

ఇక మితిమీరుటవలని కీడును చూతము. 1944 మార్చి 15వ తేదీ రాత్రి ఇటలీదేశపు కాసినో పోరాటమున, 9వ గూర్ఖా రైఫిల్సు మొదటి బెటాలియనులోని ఒక కంపెనీ, మఠమునకు దిగువనున్న గుట్ట నొకదానిని పట్టుకొనెను. దానిని సైనికులు తలారిగుట్ట యనిరి. తక్కినవారు వచ్చి కలిసిన పిమ్మట, విమానములనుండి జారవిడిచిన ఆహారముతో బ్రదుకుచు మార్చి 24వ తేదీ రాత్రి వెనుకకు మరలువరకు వారచ్చటనే నిలిచిరి. ఈ కథకు ముస్సోలినీ జీవితచరిత్ర మక్కరలేదు. రోముపట్టణమునకు పోవు బాట ఆ కొండక్రిందనే కలదనియు, కొండపైనున్నవారికి లోయ యంతయు కానవచ్చుననియు చెప్పక తీరదు. అది చెప్పనిచో, ఒక బోడిగుట్టపై అందరు ఏల ఆకలితో మాడిరో చదువరికి తెలియదు. ఫిబ్రవరి 15న ఆ మఠముపై బాంబులు వేయుటకు ముందు జర్మను సైన్యము మఠములోపల లేదని తరువాత తేలినది. దానిని వ్రాయవచ్చును, కాని తరువాత తేలినదని చెప్పి వ్రాయవలెను. మన జ్ఞానమును ఆనాటి సిపాయి తలలో పెట్టి, వానిని తప్పుపట్టుట అన్యాయము.

కావున చరిత్రకారుడు ప్రతి సంగతినిగూర్చి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఆ సిపాయి ఒంటికి, కడుపునకు, మానమునకు తగిలినదా? తగిలినచో ఎంత చిన్నదైనను వ్రాయవలెను. ఇది వానిని ఆ చోటికి తెచ్చిన ఆజ్ఞకు కారణమా? అయినచో క్లుప్తముగా చెప్పవలెను. ఇది వాని తుపాకి కెదుట నిలిచినవారి సంగతియా? అయినచో విడువనే రాదు. ఈ మూటికిని చెందనిది ఎంత గొప్పదైనను వేరొక గ్రంథమున కుండనిండు.

ఇట్టి గ్రంథములు దళమువారి కుటుంబముల కొరకు గదా, తాతముత్తాతల పేళ్లు చూచుకొని సంతోషించువారికి ఈ మీమాంస యేల యని కొంద రడుగవచ్చును. పేరు చూచుకొన్న బిడ్డ తరువాత నడుగు ప్రశ్న 'మా తాత అక్కడి కేల పోయెను?' అన్నదియే. దానికి ప్రత్యుత్తర మీయని గ్రంథము శిలాఫలకమునకంటె నెక్కువ పని చేయదు.

తెలుగువారి కిది పరాయి ప్రశ్న కాదు. ఒకప్పుడు ఉత్తరదేశమున సిపాయిని 'తిలంగా' యని పిలుచుచుండిరన్న, మనవారెందరు ఆ కొలువున నుండిరో ఊహింపవచ్చును. 1780 అక్టోబరు 3న విశాఖపట్టణమున, హైదరాలీతో పోరుటకై మదరాసునకు ఓడలో పొండని ఆజ్ఞ యీయగా, ఉత్తర సర్కారుల సిపాయిలు ఓడ నెక్కక తిరుగబడిరి. దీనిని పిరికితన మని యొక మాటతో ముగింపవచ్చును. దేశభక్తి యని మరియొక మాటతో పొగడవచ్చును. రెండును సోమరి చరిత్రకారుని మాటలే. వారు ఏ షరతుపై కొలువున చేరిరి, ఇంటియొద్ద ఎవరిని విడిచి పోవలసియుండెను, సముద్రయానమునుగూర్చి వారి కేమి భయముండెను అని విచారించి వ్రాయువాడు వారికి ఋణము తీర్చినవాడగును. మన పెద్దల కథను మనము వ్రాయబోవునపుడు పొగడ్తకును నిందకును ముందుగా ఈ విచారణ చేయుదము గాక.