ఊరి పేరు, స్వామి పేరు

శ్రీవారి దర్శనము చేసికొని స్వగ్రామమునకు మరలిన గృహస్థుని ఇరుగుపొరుగువారు ఎచ్చటికి వెళ్ళితిరని అడుగుదురు. ఆయన "తిరుపతికి వెళ్ళి వచ్చితిమి" అని చెప్పి వారి చేతిలో ప్రసాదము నుంచును. స్వామి వేంచేసి యున్నది తిరుమలపై. తిరుపతి కొండ క్రింది పట్టణము. అయినను అడిగినవారికి గాని, చెప్పినవారికి గాని ఆ మాటలో లోపము తోచదు. ఇది పామరుల పొరపాటని చదువుకొన్నవారు కొందరు నవ్వుదురు. నవ్వవలసిన పని లేదు. రెండువేల యేండ్లకు పూర్వమే పాణిని మహర్షి ఇట్టి వాడుకకు సూత్రము చేసియున్నాడు.

అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయము రెండవ పాదమున, ఊరులకును దేశములకును పేర్లు నాలుగు విధముల కలుగునని ఆయన చెప్పినాడు. ఒక వస్తువు అచ్చట నుండుటచే కలుగునది మొదటిది. మేడిచెట్లు గల దేశము ఔదుంబరమైనట్లు. ఒకనిచే నిర్మింపబడుటచే కలుగునది రెండవది. కుశాంబుడు నిర్మించిన నగరము కౌశాంబి యైనట్లు. ఒకరికి నివాసమగుటచే కలుగునది మూడవది. శిబుల నివాసము శైబమైనట్లు. ఒకదాని దాపున నుండుటచే కలుగునది నాలుగవది. విదిశకు సమీపమున నున్న నగరము వైదిశమైనట్లు. వీనిని చాతురర్థికములని మేము పాఠశాలలో వల్లించుచుంటిమి. నాడవి పరీక్షకు పనికివచ్చు ఉదాహరణములు మాత్రమే. మన ఊళ్ళ పేర్లకును అవి వర్తించునని తెలియుటకు నాకు చాల కాలము పట్టినది.

చింతలపూడి చింతచెట్లను చెప్పుచున్నది. శ్రీవేదనారాయణస్వామి వెలసిన నాగలాపురమును శ్రీకృష్ణదేవరాయలు నిర్మించి, తన పేరు మాని తల్లి నాగలాంబ పేరు నిలిపినాడని ప్రసిద్ధి. అలమేలుమంగాపురము అమ్మవారి నివాసము. ఇక కొండయంతయు తిరుపతి యనియు, దిగువ పట్టణమంతయు శ్రీవారి క్షేత్రమనియు జనులు పలుకుట సామీప్యమును బట్టి వచ్చినదే. దాపున నున్నదానికి దాపుదాని పేరు చెల్లును. భగవంతుని దాపున చేరినవారికి ఆయన పేరు చెల్లుటయు ఇట్టిదే గదా!

తిరుపతి యను పదములో మరియొక సొగసు కలదు. ‘తిరు’ అను తమిళపదము సంస్కృతమున ‘శ్రీ’కి సమానము. తమిళమున ‘పతి’ యనగా ఊరు, నివాసస్థానము. కావున స్వామి వేంచేసిన పుణ్యస్థలములన్నియు తిరుపతులే. శ్రీవైష్ణవులు నూటయెనిమిది తిరుపతులని లెక్కించుట ఇందువలననే. తెలుగునాట ఆ సామాన్యనామము ఈ యొక్క క్షేత్రమునకు విశేషనామమై స్థిరపడినది. సంస్కృతాభ్యాసము గలవాని చెవికి ‘పతి’ యనగా ప్రభువు. అతనికి తిరుపతి యనగా శ్రీపతి యనియే తోచును. ఆళ్వారుల భాషలో అది స్వామి యిల్లు. దేవభాష విన్న చెవికి అది స్వామియే. యాత్రికుడు ఈ రెంటిలో దేనిని తలచి పలికినను నష్టపడడు.

తిరుమల మాటయు నట్టిదే. ‘మలై’ తమిళమున కొండ. తెలుగునను ‘మల’ కొండయే; నల్లమల, ఎఱ్ఱమల అను పేర్లలో నేటికిని నిలిచియున్నది. నడక దారిలో మోకాళ్ళ పర్వతమను పేరు ఏ పండితుడు పెట్టినాడు? శ్రీరామానుజులు ఆదిశేషస్వరూపమగు ఈ కొండను పాదములతో తాకనొల్లక మోకాళ్ళతో ఎక్కిరని పెద్దలు చెప్పుదురు. ఆ కథ ఎరుగనివాడును అచ్చటి నిట్టనిలువు మెట్లెక్కినచో ఆ పేరునకు అర్థము తన మోకాళ్ళనే అడిగి తెలిసికొనును.

అయితే వ్యుత్పత్తి దొరికినంత మాత్రమున పేరు పూర్తిగా తెలిసినదని తలపరాదు. పాణినియే మొదటి అధ్యాయమున నొక హెచ్చరిక చేసియున్నాడు. పేరునకు లోకవ్యవహారమే ప్రమాణమనియు, సంబంధమే ప్రమాణమగుచో సంబంధము నశించిననాడు పేరును నశింపవలెననియు దాని తాత్పర్యము. చింతచెట్టు ఒక్కటియు మిగులని చింతలపల్లెలు మన నాట ఎన్ని లేవు? చెట్టు పోయినను పేరు పోలేదు. పిలుచువారు ఉన్నంతవరకు పేరు ఉండును.

ఈ రెండు మాటలను మనస్సున నుంచుకొని ‘వేంకట’ శబ్దమును చూడుడు. ఈ కొండకు కృతయుగమున వృషాద్రి యనియు, త్రేతాయుగమున అంజనాద్రి యనియు, ద్వాపరమున శేషాద్రి యనియు, కలియుగమున వేంకటాద్రి యనియు పేర్లని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది. ‘వేం’ అనగా పాపము, ‘కట’ అనగా దహించుట. పాపములను దహించునది వేంకటమని దాని నిర్వచనము. భాషాశాస్త్రజ్ఞులు వేరొక త్రోవ త్రొక్కుదురు. ప్రాచీన తమిళ గ్రంథములలో వేంగడము తమిళదేశమునకు ఉత్తరపు టెల్లగా పేర్కొనబడినది. తొల్కాప్పియమునకు గల పాయిరము ఇందులకు సాక్ష్యము. ఇది ద్రావిడపదమనియు, ‘వెం’ అనుదానిలో వేడిమియు, ‘కడం’ అనుదానిలో దాటరాని అడవిదారియు కలవనియు వారిలో కొందరి అభిప్రాయము. మన వేడి, వెచ్చన అను మాటలు ఆ ధాతువునుండి వచ్చినవే.

ఇది విని కొందరు భక్తులు కలత చెందుదురు. పురాణము చెప్పినది తప్పా? అని అడుగుదురు. కలతకు తావు లేదు. యాస్కుడు నిరుక్తమున ఒక్క అగ్నిశబ్దమునకే పలు నిర్వచనములు చూపినాడు. ఒకటి నిజమైన తక్కినవి అబద్ధములని ఆయన తలపలేదు. నామములన్నియు ధాతువులనుండి పుట్టినవేయని శాకటాయనుడును నైరుక్తులును అనగా, అన్నియు కావని గార్గ్యుడు వాదించినాడు. దారిని వ్యాపించునది గనుక అశ్వమగుచో, దారిని వ్యాపించు ప్రతి వస్తువును అశ్వము కావలెను గదా యని ఆ పక్షము వారి ఆక్షేపణ. అనగా పేరు ఎట్లు పుట్టినదను చర్చ మన పెద్దలకు క్రొత్త కాదు, భయంకరమును కాదు. పదము ఏ భాషలో, ఏ ధ్వనులతో పుట్టెనని భాషాశాస్త్రము విచారించును. ఆ పదమును ఉచ్చరించి జనులు ఏమి పొందిరో పురాణము చెప్పును. వేడికి మాడిన అడవిదారిని దాటి వచ్చినవాడు, స్వామి యెదుట నిలిచి తన పాపము మాడిపోయినదని తలచినచో, ఆ రెండు అర్థములును అతనియందే కలిసినవి.

అహోబిలమునకును ఇట్లే రెండు నిర్వచనములు ప్రసిద్ధములు. నృసింహుని పరాక్రమమును చూచి దేవతలు ఆశ్చర్యముతో ‘అహో బలము’ అనిరని యొకటి. ఆ గుహను చూచి ‘అహో బిలము’ అనిరని యొకటి. ఆ పేరు పల్లెలకు చేరునప్పటికి ఓబుళమైనది. అహోబిలేశుడు ఓబులేసు, ఓబయ్య యైనాడు. పెనుశిల పెంచల యై, నెల్లూరు సీమలో ఇంటింట పెంచలయ్యలు వెలసిరి. ‘అలర్’ అనగా పువ్వు, ‘మేల్’ అనగా పైన, ‘మంగై’ అనగా స్త్రీ. పువ్వుమీది తల్లి అలమేలుమంగ. మన యింటి ఆడపిల్ల పేరు అలమేలు మాత్రమే యైనచో అందు మిగిలినది ‘పువ్వుమీద’ అను మాటయే. కూర్చుండు తల్లి పేరు వినబడదు, ఆసనము మాత్రము వినబడుచున్నది. అయినను ఆ పిలుపు అమ్మవారికి చేరలేదని ఎవరనగలరు?

ఈ సందర్భమున నా తప్పు నొకదానిని చెప్పుకొనక తప్పదు. ముప్పదియైదేండ్ల క్రిందట నేనొక పాఠశాలలో సంస్కృతోపాధ్యాయుడనై యుండగా, క్రొత్తగా చేరు బాలుర పేర్లు పుస్తకమున వ్రాయు పని నాకప్పగింపబడినది. ఒక బాలుడు తన పేరు ‘యెంకన్న’ అని చెప్పెను. "అది పేరు కాదు, అపభ్రంశము" అని మందలించి ‘వేంకటరమణ’ అని వ్రాసితిని. తక్కిన పిల్లలు నవ్విరి. ఆ బాలుడు తల వంచుకొనెను.

రెండు దినముల పిదప ఆ బాలుని అవ్వ వచ్చి వసారా క్రింద నిలిచినది. నేను వేంకటశబ్దమునకు అర్థమును, రమణశబ్దమునకు అర్థమును విస్తరించి చెప్పితిని. ఆమె అంతయు వినినది. పిదప నిట్లనినది: "మీరు రాసింది మంచి పేరే సామీ. గానీ అది నా నోటికి రాదు. యెంకన్న అనేది మా నాయన పేరు. ఏటేటా నడిచి కొండెక్కి గుండు కొట్టించుకొని వచ్చేవాడు. నాకు మంత్రాలు వచ్చా, పూజలు వచ్చా? పొద్దున లేస్తే ఈ బిడ్డను పిలిచేదే నాకు సామిని తలుచుకునేది. ఇంక వీణ్ణి ఏమని పిలిచేది?"

నాకు సమాధానము తోచలేదు. దిద్దుటకు వ్యవధి యుండెను. కాని నేను దిద్దలేదు. పండితుడనను అభిమానము అడ్డు వచ్చినది. హాజరు పిలుచునప్పుడు ‘వేంకటరమణా’ యనిన ఆ బాలుడు మొదటిమారు పలుకకుండెడివాడు. తన్ను గాదనుకొనెడివాడు. ప్రక్కవాడు భుజము తట్టిన పిదప ఉలికిపడి లేచి నిలుచుండెడివాడు. ఆ యేడంతయు నేనది చూచితిని.

యెంకన్న యను రూపము నోటి దోషము కాదని పిమ్మట తెలిసికొంటిని. పదము మొదట ఎ, ఏ లకు ముందున్న వకారము పల్లెపలుకులో జారిపోవును. వెళ్ళు ‘ఎళ్ళు’ అగును, వేలు ‘ఏలు’ అగును. ఇందొక నియమము కలదు. నియమము గల మాటను అపభ్రంశమని నేను త్రోసివేసితిని. అంతకు మించిన దోషము వేరొకటి. భాగవతము ఆరవ స్కంధమున అజామిళుని కథను నేనెన్నియోమార్లు పురాణము చెప్పియుంటిని. అవసానకాలమున అతడు పిలిచినది వైకుంఠనాథుని కాదు, నారాయణుడను పేరుగల తన చిన్న కుమారుని. అయినను విష్ణుదూతలు వచ్చిరి. ఇతరునికి సంకేతముగ పలికినను, పరిహాసముగ పలికినను భగవన్నామము పాపమును హరించునని వారే యమభటులకు చెప్పిరి. ఆ కథ చెప్పునప్పుడు నా కంఠము గద్గదమగుచుండెను. అజామిళుని పిలుపు నాకు పవిత్రమైనది, అవ్వ పిలుపు అపభ్రంశమైనది!

పెరియాళ్వారులు తమ తిరుమొళిలో ఒక దశకమును ఈ విషయమునకే వినియోగించిరి. కాసులకొరకు, వస్త్రములకొరకు పరుల పేర్లు పెట్టక, బిడ్డలకు స్వామి పేర్లు పెట్టుడని తల్లిదండ్రులకు బోధించిరి. సహస్రనామములను ఉపదేశించు భీష్ముడు అవి గుణములనుబట్టి వచ్చిన నామములని చెప్పినాడు. పరాశరభట్టరులు తమ భాష్యమునకు భగవద్గుణదర్పణమని పేరిడుట అందులకే. పరమాత్మయందు పేరును గుణమును వేరుగావు. మనయందట్లు గాదు. వేంకటేశుడను పేరు గలవాడు కోపిష్ఠి కావచ్చును, లోభి కావచ్చును. ఆ పేరు వానికి తగినదను ధ్రువపత్రము కాదు. పిలుచువారికి ఒక ఉపకారము. దినమున పదిమార్లు తల్లి బిడ్డను పిలిచిన, పదిమార్లు ఆమె నోట స్వామి నామము పడును.

కావున గృహస్థులకు నా విన్నపము. నామకరణమునాడు అందమైన ధ్వనిని మాత్రమే వెదకకుడు. ఆ పేరునకు అర్థమేమో, ఆ పేరుతో మీ యింట పూర్వమెవరుండిరో బిడ్డకు ఊహ తెలిసిననాడు చెప్పుడు. మీ తాతముత్తాతల పేర్లను, వారి ఊరి పేరును, ఆ ఊరివారు పలికినట్లే ఒక కాగితముపై వ్రాసి పూజామందిరమున నుంచుడు. పండితులై యున్నవారికి మరియొక మాట. పేరు విన్నంతనే దిద్దుటకు పూనుకొనకుడు. అది ఎవరి నోటినుండి ఎవరిని పిలుచుటకు పుట్టినదో ముందు అడుగుడు.

ఆ అవ్వ నేడు లేదు. ఆ బాలుని పత్రములయందెల్ల నేను పెట్టిన పేరే నిలిచినది. నాటినుండి ఎవరైనను తమ పేరు చెప్పినప్పుడు, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుట నాకు నియమమైనది. కొండపై ‘యెంకన్నా’ యని ఎవరైన కేకవేసినచో నేనును తల త్రిప్పి గర్భాలయమువైపు చూచి చేతులు జోడింతును. ఆ పిలుపునకు స్వామి పలుకునని ఆ అవ్వ నాకు నేర్పినది.

శ్రీవేంకటేశార్పణమస్తు.