గొట్టములో దాచిన యంత్రము

2016 జనవరిలో బెల్జియం దేశమందలి జోల్డరులో బురదదారుల సైకిలు పందెపు ప్రపంచ పోటీ జరిగెను. 19 ఏండ్ల యువతికై సిద్ధపరచిన సైకిలును అధికారులు పరీక్షింపగా, సీటు క్రింది గొట్టములో విద్యుత్ మోటారు దొరికెను. అది స్నేహితుని సైకిలని ఆమె చెప్పెను. అయినను 6 సంవత్సరముల నిషేధమును, 20,000 స్విస్ ఫ్రాంకుల జరిమానాయు విధించిరి.

ఆకాను గుడారములో దాచినదానివలన ఇశ్రాయేలీయులందరును గోత్రము వెంబడి గోత్రముగా నిలువవలసి వచ్చెను గదా! ఇక్కడను అట్లే. 2010లోనే స్విట్జర్లాండు వీరుడు కాన్సెలారాపై ఇట్టి అనుమానము పుట్టెను. ఏదియు రుజువు కాలేదు, మాట మాత్రము నిలిచెను. చెమటోడ్చి కొండనెక్కినవానికి ఎంత బాధ!

సంఘపు కానుకల లెక్క అడిగినయెడల మనలో కొందరికి కోపము వచ్చును. టూర్ ద ఫ్రాన్స్ పందెములోనైతే ఆ దినము గెలిచినవాని సైకిలే ఎక్స్‌రే పరీక్షకు పోవుచున్నది.