ఆ పది గంటలు ఎవరివి?

"పది గంటలా! పది గంటలపాటు ఆ విమానాశ్రయంలో కూచుని ఏం చేస్తావే?" అని మా అమ్మ బుగ్గన వేలేసుకుంది.

2023 చివర్లో నేను డల్లాస్ ప్రయాణమైనప్పటి మాట ఇది. అక్కడ మా చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. నిజానికి వెళ్ళవలసింది అమ్మ. కానీ ఆవిడ మోకాళ్ళు చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడిదాకా నడవటానికే మొరాయిస్తున్నాయి. అంచేత ఆ బాధ్యత నాకు దక్కింది. మావారు రెండు రాత్రులు కంప్యూటరు ముందు కూచుని, ఎక్కడా లేనంత చవగ్గా టిక్కెట్టు సంపాదించారు. ఆ చవకకు మూల్యమే దోహాలో పది గంటల ఆగుడు. మిగిలిన డబ్బు ఆయన లెక్కలోకి, పోయిన పది గంటలు నా లెక్కలోకి!

ఇక చూడండి, ఆ పది గంటలు ఎలా గడపాలో చెప్పని వాళ్ళు లేరు. "హాయిగా నిద్రపోండి వదినా" అన్నాడు మా మరిది. "విష్ణుసహస్రనామం పదిసార్లు చదువుకోవచ్చు" అంది పక్కింటి పిన్నిగారు. "ఆ సీరియల్ నాలుగు భాగాలు అక్కడ కూచుని రాసెయ్యి, ఊరికే ఖాళీగా ఉండటమెందుకు?" అన్నారు మావారు. అందరూ మంచి కోరి చెప్పినవాళ్ళే. నీకేం చెయ్యాలనుందని మాత్రం ఎవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ప్రశ్న తోచలేదు.

ఆడదాని ఖాళీ సమయం వీధికొళాయి లాంటిది. అది ఎవరిదీ కాదు గనక అందరిదీ. ఎవరు బిందె తెచ్చినా పట్టుకు పోవచ్చు. కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదివే రోజుల్లోనే నాకిది తెలిసింది. క్లాసులు అయ్యాక నారాయణగూడ మీదుగా వచ్చే బస్సు కోసం ముప్పావుగంట, గంట నిలబడేవాళ్ళం. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉండేవి. వాటిలో ఏదో ఒకటి తీసుకుని నిలుచునే చదివేదాన్ని. శరత్‌నీ చలాన్నీ నేను మొదట పరిచయం చేసుకున్నది అలా బస్టాపులోనే. ఇంటికి ఆలస్యంగా వెళితే, "బస్సు రాలేదు" అంటే చాలు, క్షమాపణ దొరికేది. "బస్సు వచ్చింది గానీ పుస్తకం బాగుందని వదిలేశాను" అంటే మాత్రం కొంప మునిగేది. అంటే నిరీక్షణ తప్పు కాదు. ఆ నిరీక్షణలో సుఖపడటం తప్పు!

అసలు ఇలా దారిలో ఆగటానికి మనవాళ్ళు పెట్టుకున్న చక్కని మాట ఉంది, మజిలీ. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీయాత్ర చేసుకుని, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం! దారిలో మన హైదరాబాదూ చూశారు. ప్రతి మజిలీలోనూ ఆయన కళ్ళు మూసుకుని కూర్చోలేదు. ఆ ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దిగటానికి వసతుందా, మనుషులెలాంటి వాళ్ళు, అన్నీ రాసి స్నేహితుడికి పంపుతూ వచ్చారు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' సంగతి మీకు తెలిసిందే. మణిసిద్ధుడితో కాశీకి బయల్దేరిన గొల్లపిల్లవాడు ముందే షరతు పెట్టాడు, ప్రతి మజిలీలోనూ తాను చూసి వచ్చిన వింత గురించి అడిగితే ఆయన కథ చెప్పి తీరాలని. ఊరు చూడటం పిల్లవాడి వంతు, కథ చెప్పటం గురువుగారి వంతు. ఈ రెండో వంతు సంగతి మళ్ళీ చెబుతాను.

ఇవన్నీ తలుచుకుని ధైర్యం చేశాను. దోహాలో మధ్యలో ఆగే ప్రయాణీకులకు డబ్బు కట్టించుకుని మూడు గంటల్లో ఊరు చూపించే బస్సు ఉందని తెలిసి, మావారికి చెప్పకుండా అందులో చోటు కొనుక్కున్నాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఒంటరిగా, నా కోసమే చూడబోతున్న మొదటి ఊరది.

శంషాబాదులో అర్ధరాత్రి దాటాక విమానమెక్కి, తెల్లవారేసరికి దోహాలో దిగాను. అక్కడ నడిమధ్యన పెద్ద దీపస్తంభం కింద పసుపుపచ్చని ఎలుగుబంటి బొమ్మ కూచుని ఉంటుంది. ఏడు మీటర్ల ఎత్తు! పిల్లల ఆటబొమ్మలా కనిపిస్తుంది గానీ, ఉర్స్ ఫిషర్ అనే స్విస్ శిల్పి చేసిన కంచు విగ్రహం. నేను దాన్ని నోరు తెరుచుకు చూస్తూంటే వెనకనించి ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, నువ్వు తెలుగుదానివేగా? డల్లాసేనా?"

డెబ్భై ఏళ్ళుంటాయి. నేత చీర, మెడలో పేర్లూ ఫోన్‌నంబర్లూ రాసిన అట్టముక్క. తెనాలి దగ్గర పల్లెటూరట. కొడుకు దగ్గరికి వెళుతోంది. ముందే చెప్పిపెట్టిన చక్రాలకుర్చీలో ఎవరో తీసుకొచ్చి ఇక్కడ కూచోబెట్టి, వేళకు వస్తామని చెప్పి వెళ్ళారట. వాళ్ళ మాట ఆవిడకు అర్థం కాలేదు. "నువ్వు కనిపించావు, ఇంక నాకు భయం లేదు" అని నిశ్చింతగా పక్కకు జరిగి చోటిచ్చింది.

నా బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

మీరైతే ఏం చేసేవారు? దయచేసి తొందరపడి జవాబు చెప్పకండి. నేను పక్కనే ఉండిపోయానని రాస్తే ఈ వ్యాసం చాలా పవిత్రంగా ఉంటుంది. కానీ ఉండిపోలేదు. ఆవిడకు కాఫీ తెచ్చిచ్చాను. నా పులిహోర పొట్లం సగం పెట్టాను. స్నానాలగది ఎక్కడో తీసుకెళ్ళి చూపించాను. కౌంటరులో అమ్మాయితో మాట్లాడి, ఆవిడను ఎన్నింటికి తీసుకెళతారో కనుక్కుని, గడియారం ముల్లు ఎక్కడికొచ్చేసరికి నేనొస్తానో చూపించాను. అప్పుడు నసుగుతూ అసలు సంగతి చెప్పాను. ఆవిడ మొహం ఒక్కక్షణం చిన్నబోయింది. "వెళ్ళిరామ్మా" అంది. ఆ "మ్మా" నా వీపుకు అంటుకుని ఊరంతా నా వెంట తిరిగింది.

ఊరు బాగుంది. సముద్రపొడ్డున పొడుగాటి రోడ్డు, దాన్ని కార్నిష్ అంటారు. ఒకవైపు అద్దాల మేడలు, మరోవైపు పాతకాలపు చెక్కపడవలు. కావాలని నిర్మించిన చిన్న దీవి మీద ఇస్లామిక్ కళల మ్యూజియం. 2008లో తెరిచారు. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఐ.ఎం. పై దాని శిల్పి. లోపలికి వెళ్ళే వ్యవధి లేదు. బయటినించే, ఉదయపు ఎండలో తెల్లటి రాతి పెట్టెల్ని ఒకదాని మీదొకటి పేర్చినట్టు కనిపించింది. దగ్గర్లోనే ఒక పెద్ద ఆల్చిప్ప, నోరు తెరిచి, మధ్యలో ముత్యం.

ఆ ముత్యం దగ్గర నాకు మన ఊరు గుర్తొచ్చింది. సముద్రమే లేని హైదరాబాదుకు ముత్యాల నగరమని పేరెలా వచ్చింది? ఈ గల్ఫ్ సముద్రపు ముత్యాలే కదా, బస్రా ముత్యాలని పేరు పెట్టుకుని పత్తర్‌గట్టీ దుకాణాలకు వచ్చినవి! చమురు రాకముందు ఇక్కడి మనుషులకు బతుకుతెరువు ముత్యాలవేట. వేసవి నెలలు పడవల మీదే గడిపేవారు. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుక్కి దిగేవారు. పడవ యజమాని దగ్గర ముందే అప్పు తీసుకునేవారు. ఏడాది వేటతో అది తీరేది కాదు, మళ్ళీ ఏడు మళ్ళీ దిగాలి. జపానులో పెంచిన ముత్యాలు బజారులోకొచ్చి, 1930ల నాటికి ఈ వ్యాపారం దెబ్బతింది. మా పెళ్ళిళ్ళలో మురిపెంగా చూసుకునే ముత్యాలహారం వెనక ఇన్ని బిగబట్టిన ఊపిర్లున్నాయని, కోఠీ నించి చార్మినారు దాకా ఎన్నిసార్లు నడిచినా నాకు తట్టలేదు. చూశారా, మజిలీ చేసే మేలు ఇది. మనూరి సంగతి పరాయి ఊళ్ళో తెలుస్తుంది.

బస్సు దిగి పరుగులాంటి నడకతో ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళాను. పెద్దావిడ ఏడుస్తూ ఉంటుందేమోనని నా భయం. ఆవిడ హాయిగా కబుర్లాడుతోంది! ఎదురుగా నీలం యూనిఫారంలో ఒక కుర్రాడు, తుడుపుకర్ర బండితో.

"మనబ్బాయేనమ్మా! జగిత్యాల దగ్గరట. ఇందాకట్నించీ మధ్యమధ్య వచ్చి పలకరించి పోతున్నాడు" అంది.

"నా డ్యూటీ అయిపోవస్తున్నదమ్మా" అన్నాడతను కాస్త మొహమాటంగా. వచ్చి ఆరేళ్ళయిందట. మధ్యలో ఒక్కసారే ఇంటికి వెళ్ళాడట. ఏజెంటుకు కట్టిన అప్పు మొదటి రెండేళ్ళు తినేసిందట. నేను ఊరు చూసొచ్చానని తెలిసి అడిగాడు: "సముద్రం మంచిగున్నదా అమ్మా?"

"నువ్వు చూళ్ళేదా?"

"యాడ చూస్తమమ్మా! రూము, బస్సు, డ్యూటీ. విమానం దిగేటప్పుడు కిటికీలకెల్లి ఓపాలి కనపడ్డది."

నా పది గంటల ఆగుడు ఒక్కసారిగా చిన్నదైపోయింది. ఇదే ఊళ్ళో ఆరేళ్ళ మజిలీ చేస్తున్నవాడు నాకు ఎదురుగా నిలబడ్డాడు. నేను మూడు గంటల్లో చూసిన సముద్రాన్ని అతను ఆరేళ్ళలో చూడలేదు. ఖాళీ సమయం ఎలా గడపాలా అని నాకు దిగులు; అది ఉంటుందనే అతనికి తెలియదు. నా టిక్కెట్టు చవకవటానికి నేను సమయం ఇచ్చాను. అతని ఇల్లు నిలబడటానికి అతను ఇస్తున్నదీ సమయమే. పాతకాలపు ముత్యాలవేటగాడి అప్పు కథ ఇంకా ముగియలేదన్నమాట, మనిషీ ఊరూ మారారు గానీ.

ఫోనులో ఫొటోలు చూపించాను. ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ నెమ్మదిగా చూశాడు. చెక్కపడవల ఫొటో దగ్గర ఆగి, "ఇది నాకు పంపుతరా అమ్మా? మా ఇంటామె ఎప్పుడూ అడుగుతది, నువ్వుండే ఊరు ఎట్లుంటదని. ఏం చెప్పాల్నో తెల్వదు" అన్నాడు. పంపాను. వెంటనే అతను ఇంటికి పంపాడు.

విమానంలో పెద్దావిడ నన్ను ఓదార్చింది. "నువ్వు పక్కనుండుంటే ఆ అబ్బాయి నన్ను పలకరించేవాడా? పోయి మంచి పనే చేశావు" అంది. అది ఆవిడ పెద్దమనసు. అంతేగాని నాకు యోగ్యతాపత్రం కాదు. ఆ కుర్రాడు రాకపోతే, ఆవిడ నిజంగానే కంగారుపడి ఉంటే, ఈ వ్యాసం రాసే మొహం నాకుండేది కాదు. ఫలితం మంచిదైందని చేసిన పని మంచిదైపోదు.

ఆ రోజునించీ ఆలోచిస్తూనే ఉన్నాను. పది గంటల్లో కొంత నాదని అనుకోవటం తప్పు కాదనే ఇప్పటికీ నా నమ్మకం. పక్కన కూచుని లోపల సణుక్కుంటూ చేసే సేవ ఎదుటివాళ్ళకు తెలియకపోదు. మన అమ్మల దగ్గర మనం చూడని విషయమా అది? చెయ్యవలసింది చేసి, చెప్పవలసింది చెప్పి, వెళ్ళాలి. కానీ అంతటితో లెక్క తీరదు. గొల్లపిల్లవాడు ఊరు చూసి వస్తే సరిపోలేదు, ఎవరో ఒకరు కథ చెప్పాలి. వీరాస్వామయ్యగారు చూసిందంతా కదలలేని వాళ్ళకోసం రాసి పంపారు. చూసే వీలున్నవాళ్ళు చూడలేని వాళ్ళకు పడే బాకీ అది. అదొక్కటి తీరుస్తూ ఉంటే, మన మజిలీ మనదే అనుకోవటానికి సిగ్గుపడనక్కర్లేదని నాకు తోస్తుంది.

డల్లాస్ చేరాక మావారు ఫోను చేశారు. "పది గంటలూ ఏం చేశావు? సీరియల్ రాశావా?" అన్నారు.

"రాయలేదు. ఊరు చూశాను" అన్నాను.

ఆయన ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "ఎలా ఉంది?" అన్నారు.

జగిత్యాల దగ్గర పల్లెలో ఎవరో ఇల్లాలు కూడా ఆ వేళకు ఫొటో చూస్తూ ఇదే ప్రశ్న అడుగుతూ ఉంటుంది. నేను మొదటినించీ చెప్పటం మొదలుపెట్టాను.