వంశం నిలవాలంటే, అమ్మడూ



ఇంగ్లీష్ టాయ్ టెర్రియర్ ఆడకుక్కను తెచ్చుకున్నావనీ, దానికి పిల్లలు పెట్టించి ఆ జాతి నిలవడానికి నీ వంతు చెయ్యాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషించాను తల్లీ. బతకడానికి వెళ్ళిన దేశంలో, ఆ దేశంవాళ్ళే మరిచిపోతున్న ఒక ప్రాణిని నీదనుకున్నావు. నేను నీ పెదనాన్నను, ఉద్యోగకాలమంతా ఆ ఇంగ్లండులోనే పశువైద్యుడిగా గడిపినవాణ్ణి. ఆ చనువుతో నాలుగు మాటలు చెబుతాను, విను.

ముందు నీ ఇంట్లో ఉన్నది ఎవరో తెలుసుకో. మూడు కిలోల నల్లటి నున్నటి ఒళ్ళు, కాళ్ళమీదా మూతిమీదా తేనెరంగు, కొవ్వొత్తి మంటలా నిటారుగా నిలిచే చెవులు. వీటిని చూసి ఒళ్ళో కూర్చోబెట్టుకునే బొమ్మ అనుకుంటారు. దీని పూర్వీకులు ఎలుకలు పట్టి తిండి సంపాదించుకున్నవాళ్ళు. 1848లో లండన్ బన్‌హిల్ రోలోని బ్లూ యాంకర్ అనే సారాదుకాణంలో, టైనీ అని పిలిచే రెండున్నర కిలోల కుక్క గంటలోపల రెండువందల ఎలుకల్ని చంపింది. అది క్రూరమైన వినోదం, పోయింది, మంచిదే. కానీ ఆ చురుకూ, ఆ పట్టుదలా, ఏ చప్పుడైనా ముందు తనే వినాలన్న ఆ తపనా నీ కుక్క రక్తంలో ఇంకా ఉన్నాయి. నువ్వు కాపాడాల్సింది వాటిని. చెవుల ఆకారం, కాలివేళ్ళ మీది నల్లగీతలు ఆ తరవాతి సంగతి.

ఎలుకల పందాలు పోయాక ఈ కుక్క డ్రాయింగ్‌రూముల్లోకి వచ్చింది. అక్కడే దానికి చేటు మొదలైంది. విక్టోరియా రాణి కాలంలో ఎంత చిన్నదైతే అంత గొప్ప అనే పిచ్చి పట్టింది జనానికి. చిన్నదాన్ని ఇంకా చిన్నదానితో, అన్నను చెల్లెలితో, తండ్రిని కూతురితో కలిపి కిలో బరువు కుక్కల్ని పుట్టించారు. వాటికి ఈనే బలం లేదు, పుట్టిన పిల్లలకు బతికే బలం లేదు. ఇవాళ్టి ప్రమాణం 2.7 నుంచి 3.6 కిలోలు, భుజం దగ్గర ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు. నీ కుక్క ఈతలో పుట్టే అందరికంటే చిన్నపిల్లకు ఎవరైనా ఎక్కువ డబ్బిస్తామంటే, ఆ మనిషికి అసలు పిల్లనే ఇవ్వకు.

ఇక అసలు విషయం. ఏడాదికి మూడువందల పిల్లలు కూడా రిజిస్టరు కాని స్వదేశీ జాతుల్ని బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ప్రమాదంలో ఉన్న జాబితాలో పెడుతుంది. నీ కుక్క జాతి ఆ గీతకు ఎంతో దిగువన ఉంది. కొద్దిమందే మిగిలిన ఊళ్ళో అందరూ చుట్టాలే అవుతారు. మన ఇళ్ళల్లో మేనరికాలు చూసినదానివి, లెక్క నీకు వేరే చెప్పక్కర్లేదు. బావామరదళ్ళ బిడ్డకు ఇన్‌బ్రీడింగ్ శాతం 6.25. మేనమామను చేసుకుంటే 12.5. తండ్రీకూతుళ్ళను గానీ, ఒకే ఈత అన్నాచెల్లెళ్ళను గానీ కలిపితే 25. ఈ చివరి రకం పిల్లల్ని కెన్నెల్ క్లబ్ 2009 నుంచి రిజిస్టరు చెయ్యడం మానేసింది. కానీ తరతరాలుగా చుట్టాల మధ్యే కలిపిన జాతిలో, కాగితం మీద దూరపువాళ్ళుగా కనిపించే ఇద్దరు కూడా లోపల దగ్గరవాళ్ళే కావచ్చు. అందుకే మూడు తరాల పేర్లు చూసి సరిపెట్టుకోకు. ఎన్ని తరాలు దొరికితే అన్ని తరాలు తవ్వించి శాతం కట్టించు.

జాతిలో పిల్లల సంఖ్య బాగా తగ్గిపోయిందని కెన్నెల్ క్లబ్ తలుపు కొంచెం తెరిచింది. అమెరికా, కెనడాల్లోని టాయ్ మాంచెస్టర్ టెర్రియర్లను ఇంగ్లీష్ టాయ్ టెర్రియర్లుగా మళ్ళీ రిజిస్టరు చెయ్యనిచ్చింది. ప్రమాణానికి సరిపోయే పెద్దరకం మాంచెస్టర్లకూ దారి ఇచ్చింది. వాటి మూలం ఇంగ్లండే, ఒకే తాత ముత్తాతల సంతానం. అయినా ఈ జాతి పెంపకందార్లలో రెండు వర్గాలున్నాయి. బయటి రక్తం కావాలనేవాళ్ళు ఒకవైపు. దానివల్ల రక్తం పలచబడుతుంది, తల వెడల్పవుతుంది, చెవులు మారతాయి అనేవాళ్ళు ఇంకోవైపు. నువ్వు ఈ రెండోవాళ్ళ కుక్కల్ని చూడు, వాళ్ళ దగ్గర నేర్చుకో, వాళ్ళను గౌరవించు. ఈ ఒక్క మాట మాత్రం వినకు. చెవి నిలుపు కొన్ని తరాల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు. జాతి మొత్తంలో చెరిగిపోయిన జన్యువును ఏ పెంపకందారూ వెనక్కి తేలేడు. శుద్ధత అనే మాటకు లొంగి తలుపు మూసుకుంటే, ఆఖరికి మిగిలేది శుద్ధమైన వంశవృక్షం కాగితం ఒక్కటే.

బయటి రక్తం అనగానే కళ్ళు మూసుకుని తేవద్దు. టాయ్ మాంచెస్టర్లలో లేతవయసులోనే గుండెకండరం పాడయ్యే జబ్బు ఉంది, రక్తం త్వరగా గడ్డకట్టని వాన్ విల్లిబ్రాండ్ జబ్బు ఉంది. రెండింటికీ జన్యుపరీక్షలు వచ్చాయి. నీ కుక్క జాతిలో జాంథిన్యూరియా ఉంది. మూత్రంలో జాంథిన్ పేరుకుని రాళ్ళు కడతాయి. దానికీ పరీక్ష ఉంది. చేయించు. మోకాటిచిప్ప జారుతుందేమో నీ డాక్టరు చేత్తో పట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది మంచివాళ్ళే పొరపడతారు, జాగ్రత్తగా విను. జాంథిన్యూరియా లాంటి జబ్బు రావాలంటే ఆ లోపపు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా అందాలి. ఒకవైపు నుంచే అందిన కుక్క మోసుకు తిరుగుతుంది గానీ దానికి జబ్బు రాదు. పరీక్షలో అలాంటిది తేలగానే పెంపకం నుంచి తీసేస్తారు. లక్షల్లో ఉన్న జాతికి ఆ దర్జా చెల్లుతుంది. గుప్పెడున్న జాతిలో ఆ ఒక్క లోపంతోపాటు దాని మంచి గుణాలన్నీ పారబోసినట్టే. పూర్తిగా లోపం లేని తోడును చూసి దానికి జతచెయ్యి. పిల్లల్లో సగంమంది లోపం లేకుండా పుట్టే అవకాశం ఉంది, ఒక్కదానికీ జబ్బు రాదు. వాటిల్లోంచి ఎంచుకుని ముందుకెళ్ళు.

మరో సంగతి. షోలో కప్పు గెలిచిన మగకుక్క దగ్గరికి అందరూ పరిగెడతారు. నువ్వు పరిగెత్తకు. ఏడాదిలో సగం ఈతలకు ఒక్కడే తండ్రయితే, రేపు ఆ పిల్లలకు సంబంధాలు ఎక్కడ వెతుకుతావు? ఎవరింట్లోనో పెంపుడుకుక్కగా ఉండి, ఒక్కసారీ తండ్రి కాని, ఆరోగ్యంగా వయసు మళ్ళిన మగకుక్కను వెతుకు. పదేళ్ళు దాటినా గుండె గట్టిగా ఉన్న కుక్కకంటే మంచి సాక్ష్యం ఏ పరీక్షా ఇవ్వదు. వయసువల్ల కుదరకపోతే దాని వీర్యం నిల్వ చేయించమని యజమానిని బతిమాలు. ఇంగ్లండులో పెంపుడుకుక్కలకు చాలామంది అలవాటుగా ఆపరేషన్ చేయించేస్తారు, అలా కొన్ని వంశాలు చప్పుడు లేకుండా ఆగిపోతాయి.

పురుడు సంగతికి వస్తాను. మొదటి ఎదకే తొందరపడకు. ఒళ్ళు పూర్తిగా నిండి, పరీక్షలన్నీ చేతికొచ్చాక, రెండేళ్ళు దాటనీ. చూలు రెండునెలలు, అరవైమూడు రోజులు అటూఇటూ. యాభైఅయిదో రోజు దాటాక ఎక్స్‌రే తీయించి పిల్లల్ని లెక్కపెట్టించు. చిన్నకుక్క కడుపులో ఒక్కటే పిల్ల ఉంటే అది బాగా పెరిగి అడ్డం పడొచ్చు. రాత్రివేళ సిజేరియన్ చేసే ఆస్పత్రి ఏది, కారులో ఎంతసేపు పడుతుంది, ముందే తెలుసుకుని ఉంచుకో. చివరి వారం పూటపూటా థర్మామీటరు పెట్టి చూడు. వేడి 37 డిగ్రీల కిందికి దిగితే ఇరవైనాలుగు గంటల్లో ఈనుతుందని అర్థం.

పుట్టినపిల్ల రెండువారాలు తన వేడి తను కాచుకోలేదు. పెట్టెలో మొదటి వారం ముప్పై డిగ్రీల దాకా ఉంచు, తల్లి పక్కకు తప్పుకోవడానికి చల్లటి మూల ఒకటి వదులు. ఒళ్ళు చల్లబడ్డ పిల్లకు పాలు పట్టొద్దు. ముందు మెల్లగా వెచ్చబరుచు, ఆ తరవాతే పాలు. ఆదుర్దాలో జనం దీన్ని తలకిందులు చేసి పిల్లను పోగొట్టుకుంటారు. రోజూ వంటింటి తూనిక మీద గ్రాముల్లో బరువు రాయి. పుట్టిన మర్నాటి తరవాత ఏ పిల్ల బరువైనా పెరక్కపోతే ఆ రోజే డాక్టరుకు చూపించు. పాలు మానాక ఇంత చిన్నపిల్లలకు రక్తంలో చక్కెర చటుక్కున పడిపోతుంది, రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి.

వీటి ముందుకాళ్ళ ఎముకలు పెన్సిలంత సన్నం. సోఫా మీంచి దూకి విరగ్గొట్టుకున్న పిల్లల్ని చాలా చూశాను. మణికట్టు దగ్గర రక్తప్రసరణ తక్కువ, అతకడం ఆలస్యం. పిల్లల్ని తీసుకునే ఇళ్ళవాళ్ళకు మొదటి రోజే ఇది చెప్పు. అలాగని పత్తిలో పెట్టి పెంచొద్దు. మూడోవారం నుంచి పన్నెండోవారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. కుక్కర్ కూత, చిన్నపిల్లల గోల, వాన, గడ్డం ఉన్న మగవాళ్ళు, అన్నీ దానికి పరిచయం చెయ్యి. బెదురుకుక్కను పెంచితే వంశాన్ని కాపాడినట్టు కాదు.

పిల్లల్ని ఎనిమిది వారాల లోపల అమ్మకు. మైక్రోచిప్ వేయించకుండా ఇవ్వకూడదు. అది అక్కడి చట్టం. దానికి మించి నాదొక కోరిక. ప్రతి ఇంటితోనూ ఏడాదికోసారైనా మాట్లాడు. ఏ పిల్లకు ఏ వయసులో ఏ జబ్బొచ్చిందో, ఏది ఎన్నేళ్ళు బతికిందో రాసి పెట్టు, చెడ్డ వార్తయినా దాచకుండా తోటి పెంపకందార్లకు చెప్పు. ఇంత చిన్న జాతిలో ఒక్క ఇంటివాళ్ళు దాచిన జబ్బు పది ఇళ్ళకు చేరుతుంది.

వచ్చే నెలలో నీ కుక్క రక్తపరీక్షలు చేయించు తల్లీ. ఫలితాలూ, వంశవృక్షం కాగితమూ నాకు పంపు. అవి చూశాకే మగకుక్క సంగతి మాట్లాడుకుందాం.