పరుల లేఖలు

లేఖ వ్రాసినవారొకరు, అందుకొన్నవారు మరొకరు. ఇరువురును గతించిన పిమ్మట దానిని ధనమిచ్చి కొని, పెట్టెలో భద్రపరచి, తోచినప్పుడెల్ల విప్పి చదువుకొను మూడవవానికి గల హక్కు ఏమి? కాగితము అందుకొన్నవానిది, అందలి మాటలను ప్రచురించు హక్కు వ్రాసినవానిది అని ఆంగ్ల న్యాయస్థానము 1741లోనే పోపు కవి వ్యాజ్యమున తీర్పు చెప్పెను. న్యాయమునకు ఇది చాలును గాని, ధర్మమునకు చాలదు.

విక్టోరియా యుగపు నవలాకారులకు ఈ భయము లేకపోలేదు. 1860 సెప్టెంబరులో డికెన్సు, గాడ్స్ హిల్‌లోని తన యింటి వెనుక పొలములో, ఇరువది యేండ్లుగా తనకు వచ్చిన ఉత్తరములను కుప్పవోసి తగులబెట్టెను. పిల్లలు ఆ బూడిదలో ఉల్లిపాయలు కాల్చుకొనిరట! అయినను ఆయన కాల్చినవి పరులు వ్రాసినవి. తాను వ్రాసినవి పరుల యిండ్లలోనే నిలిచెను. వానిలో 14,000కు పైగా లేఖలు 1965–2002 నడుమ 12 సంపుటములుగా వెలువడినవి.

షార్లట్ బ్రాంటీ వృత్తాంతము ఇంతకంటె చిక్కైనది. 1854లో ఆమె భర్త నికల్సు, భార్య వ్రాసిన ఉత్తరములను కాల్చివేయవలసినదని ఆమె చిన్ననాటి నెచ్చెలి ఎలెన్ నస్సీని కోరెను. తమ ఉత్తరములను ఆయన తనిఖీ చేయరాదను షరతుపై ఎలెన్ మాట యిచ్చెను, కాని కాల్చలేదు. మరుసటి యేట షార్లట్ మరణించెను. ఎలెన్ ఆ లేఖలను దాచి యుండనిచో, 1857లో శ్రీమతి గాస్కెల్ రచించిన జీవితచరిత్రకు ఆయువుపట్టే లేకపోయెడిది. మాట తప్పుట తప్పే. కాని ప్రాణసఖి చేవ్రాతను నిప్పులో వేయుటకు చేయి అంత తేలికగా లేచునా?

అసలు దుఃఖము తరువాతిది. వృద్ధాప్యమున, ఆ లేఖలు ఒక ప్రదర్శనశాలకు చేరునను నమ్మికతో, ఎలెన్ వానిని విక్రయించెను. అవి చేరినది థామస్ వైజ్ అను సేకర్త చేతికి. ఆయన వానిని విడదీసి అమ్మివేసెను. విక్టోరియా యుగ రచయితల పేర కూటప్రతులు పుట్టించినవాడు ఈ వైజే యని 1934లో ఇరువురు గ్రంథవిక్రేతలు బయటపెట్టిరి. పెద్దమనిషి పేరున్నవాడు!

బ్రసెల్సులోని గురువు హెజేకు షార్లట్ వ్రాసిన లేఖలలో నాలుగే మిగిలినవి. అందును కొన్ని చింపబడి మరల అతుకబడినవి. ఆయన సంతానము 1913లో వానిని బ్రిటిష్ మ్యూజియమునకు ఉచితముగ నొసగిరి. ఆమె ఎవరికిని చెప్పుకొనని వేదన ఆ యేడే పత్రికకెక్కెను. అమ్మకము లేనంత మాత్రమున ఆ కార్యము నిర్దోషమనవలెనా?

షార్లట్ తండ్రి పాట్రిక్ మాత్రము ఈ విచికిత్సలో పడలేదు. కుమార్తె చేవ్రాత కోరి వ్రాసిన అపరిచితులను కాదనలేక, ఆయన ఆమె ఉత్తరములను కత్తెరతో ముక్కలుగా కోసి పంచిపెట్టెను. వాక్యము మొదలొక యింట, తుద వేరొక యింట.